గాలి తిరిగే దాకా దీవే మజిలీ
హోప్‌ ఐలాండ్‌ చాటున పడవ కుటుంబాల నిరీక్షణ.. అనుకూల గాలిలోనే పొంచి ఉన్న తుపాను

తాళ్లరేవు: కాకినాడ తీరానికి ఎదురుగా అడ్డుగోడలా నిలిచిన హోప్‌ ఐలాండ్‌ పర్యాటకులకు ఒక పూట విహార స్థలం. గౌతమీ గోదావరి మొగల్లో పడవలనే ఇళ్లుగా చేసుకొని బతుకుతున్న మత్స్యకార కుటుంబాలకు మాత్రం అది ప్రాణరక్షణ మజిలీ. సముద్రం మీదుగా దక్షిణానికి సాగాలన్నా, ఉత్తరానికి మళ్లాలన్నా గాలి కుదిరే వరకు దీవి చాటున లంగరు వేసి ఆగడం వీరికి తరతరాల ఆనవాయితీ. ఆ నిరీక్షణ ఒక్కోసారి ఒక రాత్రితో ముగుస్తుంది. ఒక్కోసారి వారం దాటుతుంది. తొందరపడితే ప్రాణాపాయం, ఆగితే పస్తులు. ఈ రెండింటి మధ్య కుటుంబ పెద్ద తీసుకొనే నిర్ణయం వెనుక గాలి, పోటు, ఆకాశం, హెచ్చరికల లెక్కలు ఎన్నో ఉన్నాయి.

పడవే ఇల్లు, పడవే ఉపాధి

భైరవపాలెం, బలుసుతిప్ప తదితర గ్రామాల నుంచి వచ్చే ఈ కుటుంబాలు నెలల తరబడి నీటిపైనే గడుపుతాయి. వీరి దోనె అడుగు బల్లపరుపుగా ఉంటుంది. అందువల్ల లోతు తక్కువగా ఉండే పాయల్లోకి సులభంగా వెళ్లగలదు. ఆకారం బూటును పోలి ఉండటంతో మత్స్యశాఖ నివేదికల్లో దీనిని షూ దోనీ అని పేర్కొంటారు. పడవలో ఒక భాగంపై కప్పు ఉంటుంది. ఆ కప్పు కిందే పొయ్యి, బియ్యం డబ్బా, మంచినీటి బిందెలు, పిల్లల పడక అన్నీ సర్దుకోవాలి. మగవారు చుక్కాని, తెరచాప చూసుకుంటే, ఆడవారు గెడ వేయడం, వల లాగడం, చేపలు ఏరడం, వంట చేయడం వరకు అన్ని పనుల్లోనూ పాలుపంచుకుంటారు.

ఇటీవలి దశాబ్దాల్లో ఎక్కువ పడవలకు ఇంజిన్లు వచ్చాయి. తెరచాపనే నమ్ముకున్న కుటుంబాల సంఖ్య తగ్గింది. అయితే ఇంజిన్‌ ఉన్నంత మాత్రాన గాలితో నిమిత్తం తీరిపోలేదు. ఎదురుగాలిలో డీజిల్‌ ఖర్చు పెరుగుతుంది. బల్లపరుపు అడుగు గల పడవ పెద్ద అలకు తట్టుకోలేదు. మొగ దాటే వేళ ఇంజిన్‌ ఆగిపోతే పడవను నిలబెట్టడం ఎవరి తరమూ కాదు. అందుకే ఇంజిన్‌ ఉన్నవారు, లేనివారు కూడా దీవి చాటునే ఆగుతున్నారు.

ఇసుక తిన్నె ఎలా కాపాడుతోంది

హోప్‌ ఐలాండ్‌ రాతి దీవి కాదు. గోదావరి మోసుకొచ్చిన ఇసుకను సముద్ర ప్రవాహాలు ఉత్తర దిశగా నెట్టగా, సుమారు 200 ఏళ్ల కాలంలో రూపుదిద్దుకొన్న ఇసుక తిన్నె. దీని పొడవు సుమారు 16 కిలోమీటర్లు. తూర్పు వైపు బంగాళాఖాతం, పడమటి వైపు కాకినాడ అఖాతం, దక్షిణాన కోరంగి మడ అడవులు ఉన్నాయి. తూర్పు, ఆగ్నేయ దిక్కుల నుంచి వచ్చే అలలు తిన్నె వెలుపలి ఒడ్డుపైనే విరిగిపోతాయి. లోపలి నీరు ప్రశాంతంగా ఉంటుంది. కాకినాడ రేవు సహజ రక్షణ కలిగిన రేవుగా పేరు పొందడానికి కారణం ఈ ఇసుక గోడే.

అయితే ఈ గోడకు ఒక వైపు తలుపు తెరిచే ఉంది. అఖాతం ఉత్తర దిశగా సముద్రానికి తెరుచుకొని ఉంటుంది. ఈశాన్య గాలులు బలంగా వీచినప్పుడు అలలు ఆ దారిన లోనికి ప్రవేశిస్తాయి. అప్పుడు దీవి పక్కన లంగరు వేసిన పడవలు దక్షిణానికి జరిగి, మడ అడవుల్లోని పాయల్లోకి వెళ్లవలసి వస్తుంది. గౌతమి నుంచి చీలి అఖాతంలో కలిసే గాడేరు, కోరంగి పాయలు ఇందుకు ఉపయోగపడతాయి. మడ చెట్ల వేళ్లు అలల జోరును తగ్గిస్తాయి. బురద నేలలో లంగరు గట్టిగా పట్టుకుంటుంది. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ అడవి వన్యప్రాణులతోపాటు పడవల్లోని పిల్లాపాపలకూ రక్షణగా నిలుస్తోంది.

రుతువును బట్టి ప్రయాణం

ఈ తీరంలో గాలి, నీటి ప్రవాహం ఏడాది పొడవునా ఒకే తీరుగా ఉండవు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య గాలులు వీస్తాయి. ఆ నెలల్లో తీరం వెంబడి సముద్ర ప్రవాహం కూడా ఉత్తరం నుంచి దక్షిణానికి సాగుతుంది. గాలి, నీరు రెండూ ఒకే వైపు తోడవుతాయి కనుక అంతర్వేది వైపు, అంతకు దిగువన కృష్ణా మొగల వైపు వెళ్లాలనుకొనే తెరచాప పడవలకు ఇదే అదను.

ఫిబ్రవరి నుంచి మే వరకు పరిస్థితి తారుమారవుతుంది. ప్రవాహం ఉత్తరానికి తిరుగుతుంది. దక్షిణ, ఆగ్నేయ దిశల నుంచి పైరగాలి మొదలవుతుంది. దసరా తర్వాత దిగువకు వెళ్లిన పడవలు శివరాత్రి తర్వాత తిరుగుముఖం పట్టడంలోని మర్మం ఇదే. జూన్‌ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి గాలులతోపాటు గోదావరి వరద సైతం ఉంటుంది. ధవళేశ్వరం వద్ద ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి, 13 లక్షలు దాటితే రెండో, 17 లక్షలు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. ఆ రోజుల్లో ఎర్రనీరు ఉరుకుతూ సముద్రపు అలలను ఢీకొట్టే మొగల జోలికి చిన్న పడవలు పోరాదు.

రోజువారీ గాలి సైతం ఒక క్రమంలో నడుస్తుంది. రాత్రి నేల త్వరగా చల్లబడటంతో తెల్లవారుజామున గాలి ఒడ్డు నుంచి సముద్రం వైపు వీస్తుంది. మధ్యాహ్నానికి నేల వేడెక్కి, గాలి సముద్రం నుంచి ఒడ్డుకు మళ్లుతుంది. వాతావరణం నిలకడగా ఉన్న రోజుల్లో చీకటి ఉండగానే చాప ఎత్తి, ఎండ ముదిరేలోగా తదుపరి మొగ చేరుకోవాలన్నది పడవవారి నియమం. తెల్లవారుజామున రావలసిన ఒడ్డుగాలి రాకపోతే ఆ రోజు ప్రయాణం మానుకోవడం మేలని పెద్దలు చెబుతారు. రోజువారీ క్రమం చెడిందంటే సముద్రంపై ఎక్కడో పెద్ద మార్పు మొదలైందని అర్థం.

అనుకూల గాలే ప్రమాద సూచన

దక్షిణానికి వెళ్లే కుటుంబాలను అన్నింటికన్నా ఎక్కువగా చిక్కుల్లో పడేసే విషయం మరొకటి ఉంది. వీరికి అనుకూలమైన ఈశాన్య గాలి వీచే అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలే బంగాళాఖాతంలో తుపాన్లు పుట్టే నెలలు. పైగా, ఆగ్నేయం నుంచి తుపాను తీరానికి వస్తున్నప్పుడు మొదట వీచేదీ ఈశాన్య గాలే.

భూమధ్యరేఖకు ఉత్తరాన తుపాను గాలులు గడియారపు ముళ్లకు వ్యతిరేక దిశలో సుడి తిరుగుతాయి. గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడన కేంద్రం ఎడమ చేతి వైపు ఉంటుంది. ఆ లెక్కన ఈశాన్య గాలికి వీపు పెట్టిన మనిషికి తుపాను కేంద్రం ఆగ్నేయాన, అంటే సముద్రం వైపున ఉన్నట్టు. ఆ తర్వాత గాలి ఏ వైపు తిరుగుతుందన్నదే కీలకం. ఈశాన్యం నుంచి ఉత్తరానికి, వాయవ్యానికి తిరిగితే కేంద్రం తమకు ఉత్తరంగా దాటుతున్నట్టు. తూర్పుకు, ఆగ్నేయానికి తిరిగితే దక్షిణంగా దాటుతున్నట్టు. రెండో పరిస్థితిలోనే ముప్పు అధికం. అప్పుడు గాలి సముద్రం నుంచి నేరుగా ఒడ్డుకు వీస్తుంది, ఉప్పెన సైతం ఆ వైపే ఎక్కువగా వస్తుంది. గాలి దిక్కు మారకుండా అంతకంతకూ బలపడితే కేంద్రం తమ మీదికే వస్తోందని గ్రహించాలి.

మామూలు ఈశాన్య గాలికి, తుపానుకు ముందు వచ్చే గాలికి తేడా పసిగట్టే గుర్తులు కొన్ని ఉన్నాయి. రుతుపవన గాలి నిలకడగా ఉంటుంది. తుపాను గాలి విసురు విసురుగా, మధ్యలో జల్లులతో వస్తుంది. దగ్గరలో గాలి లేకపోయినా పొడవాటి అలలు నిదానంగా, వరుసగా వచ్చి దీవి వెలుపలి ఒడ్డును బలంగా తాకుతుంటే దూరంలో పెద్ద గాలి లేచినట్టు భావించాలి. ఆ అలలు తుపాను కంటే వేగంగా ప్రయాణించి ముందే కబురు తెస్తాయి. దీవిపై ఆగిన కుటుంబాలు సాయంకాలం తూర్పు ఒడ్డుకు నడిచి వెళ్లి అలల హోరు వినడం వెనుక ఉన్న కారణమిదే.

తిథిని బట్టి పోటు లెక్క

గాలి కుదిరినా పోటు కుదరాలి. ఈ తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీటిమట్టంలో తేడా ఎక్కువ. అష్టమి ప్రాంతంలో తక్కువ. పోటు వేళ ఒక రోజు నుంచి మరుసటి రోజుకు సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. గడియారం లేని రోజుల్లోనూ దీనికి సులువైన లెక్క ఉంది. ఘడియ అంటే 24 నిమిషాలు. అమావాస్య నాడు పోటు వచ్చిన వేళను గుర్తుంచుకొని, ఆ తర్వాత తిథికి రెండు ఘడియల చొప్పున కలుపుకుంటూ పోతే దాదాపు సరిపోతుంది.

మొగ దాటడానికి పోటు నిండి, నీరు నిలిచిన వేళ అనువైనది. అప్పుడు ఇసుక మేటలపై తగినంత లోతు ఉంటుంది, ప్రవాహపు జోరు ఉండదు. పాటు వేళ నదిలోని నీరు బయటికి ఉరుకుతుంది. అదే సమయంలో సముద్రం నుంచి ఎదురుగాలి వీస్తే అలలు నిటారుగా లేచి మేటలపై విరుగుతాయి. నది లోపలి నుంచి చూసేవారికి ఆ అలల వెనుక భాగమే కనిపిస్తుంది కనుక తీవ్రత తెలియదు. మొగలో పడవలు బోల్తా పడటానికి ఇది ముఖ్య కారణం. మంచి గాలి ఉదయం వచ్చి, నిండు పోటు మధ్యాహ్నం ఉంటే ఆ రోజు వదులుకోవాల్సిందే. ఈ రెండూ ఒకే వేళకు వచ్చేసరికి నాలుగైదు రోజులు గడిచిపోవడం సాధారణం.

జెండాల నుంచి సెల్‌ఫోన్ల వరకు

అనుభవంతో చెప్పే గుర్తులకు ఇప్పుడు వాతావరణ శాఖ సమాచారం తోడైంది. గాలి వేగం గంటకు 31 నుంచి 49 కిలోమీటర్ల మధ్య ఉంటే వాయుగుండం, 50 నుంచి 61 వరకు తీవ్ర వాయుగుండం, 62 నుంచి తుపాను, 89 నుంచి తీవ్ర తుపానుగా వర్గీకరిస్తారు. చిన్న పడవకు తుపాను దాకా అక్కర్లేదు. వాయుగుండం సరిపోతుంది.

రేవుల్లో ఎగరేసే హెచ్చరికలు 1 నుంచి 11 వరకు ఉంటాయి. 1, 2 సంఖ్యలు దూర సముద్రంలోని కల్లోలాన్ని సూచిస్తాయి. 3, 4 వేస్తే రేవుకే గాలివాన ముప్పు ఉన్నట్టు. 5, 6, 7 ప్రమాదానికి, 8, 9, 10 మహా ప్రమాదానికి గుర్తులు. వాతావరణ కేంద్రంతో సంబంధాలు పూర్తిగా తెగిపోతే 11 వేస్తారు. ఒకటో నంబరు వేశారంటే రేవుకు ముప్పు లేదని కొందరు తేలిగ్గా తీసుకొంటారు. రేవులోని ఓడకు ముప్పు లేకపోవచ్చు. సముద్రంపై రెండు రోజుల ప్రయాణానికి సిద్ధమైన తెరచాప పడవకు మాత్రం అదే ఆగమని చెప్పే గుర్తు.

తుపాను వల్ల తీరంలో ప్రతికూల వాతావరణం మొదలవడానికి కనీసం 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక జారీ అవుతాయి. కాకినాడ నుంచి అంతర్వేది నేరుగా లెక్కించినా సుమారు 90 కిలోమీటర్లు. సాధారణ గాలికి గంటకు ఐదారు కిలోమీటర్లు సాగే పడవకు ఆ దూరం చేరడానికి పదహారు గంటలైనా పడుతుంది. దారిలో గాలి పడిపోతే 24 గంటల ముందు వచ్చిన హెచ్చరిక కూడా ఆలస్యమైనట్టే. ఈ లెక్క తెలిసినవారు ఒకే ఊపున వెళ్లరు. మధ్యలోని మొగలను మజిలీలుగా చేసుకొని, ఒక్కో దఫా ఒక్కో మొగ దాటుతారు.

1999లో హైదరాబాద్‌లో ఏర్పాటైన జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం అలల ఎత్తు, గాలి దిశ, ప్రవాహాల ముందస్తు అంచనాలను మత్స్యకారులకు అందిస్తోంది. సెల్‌ఫోన్లకు సంక్షిప్త సందేశాలు వస్తున్నాయి. అయితే ఛార్జింగ్‌ లేని ఫోన్‌కు సందేశం చేరదు. పాయల లోపల సంకేతాలు అందని చోట్ల పక్క పడవవారి మాటే సమాచారం.

ఆగితే పస్తు

ఎదురుచూపులకు వెల చెల్లించవలసింది కుటుంబమే. పడవ ఆగితే వేట తగ్గుతుంది. దీవి చాటున చిన్న వల వేసి కూర వరకు చేపలు పట్టుకోవచ్చు గానీ, అమ్మకానికి సరిపడా దొరకవు. దొరికినా మంచు, కొనుగోలుదారు దగ్గరలో ఉండరు. అప్పటికే వ్యాపారి వద్ద వలలకు, డీజిల్‌కు బయానా తీసుకొని ఉంటే సరకు ఆలస్యమైన కొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. హెచ్చరిక వినిపించినా బయలుదేరే పడవల వెనుక తెలియనితనం కన్నా అప్పే ఎక్కువగా పనిచేస్తుంది.

మంచినీరు మరో సమస్య. ఇసుక దిబ్బల్లో ఇంకిన వాననీరు ఉప్పునీటి కంటే తేలిక కనుక పైపొరగా నిలుస్తుంది. నిస్సారమైన చెలమ తవ్వితే తాగే నీరు ఊరుతుంది. ఆశపడి లోతుగా తవ్వినా, ఎక్కువగా తోడినా ఉప్పు పైకి వస్తుంది. ఎండలు ముదిరితే ఆ నీరూ తగ్గిపోయి, బిందెలతో తీరం నుంచి తెచ్చుకోవాల్సి వస్తుంది. అందుకే బియ్యం కన్నా ముందు నీరు ఎన్ని రోజులకు సరిపోతుందో చూసుకొనే మజిలీ గడువు నిర్ణయిస్తారు.

పిల్లల చదువు అన్నింటికన్నా పెద్ద నష్టం. బడి తెరిచాక కొద్ది నెలలకే పడవ దిగువకు బయలుదేరుతుంది. తిరిగి వచ్చేసరికి ఏడాది చివరికి వస్తుంది. తాతముత్తాతల గాలి లెక్కలు నోటికి చెప్పగలిగే పిల్లలు పాఠశాల హాజరు పట్టీలో మాత్రం గైర్హాజరుగా మిగిలిపోతున్నారు.

1996 నేర్పిన పాఠం

దీవి ఎంతవరకు కాపాడుతుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో 1996 నవంబరు 6 రాత్రి తేలిపోయింది. కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తీవ్ర తుపాను వెయ్యి మందికి పైగా ప్రాణాలను బలిగొంది. సముద్రంపైనా, మొగల్లోనూ ఉన్న మత్స్యకారులు వందల సంఖ్యలో తిరిగి రాలేదు. తుపాను విస్తీర్ణంలో చిన్నది. త్వరగా బలపడింది. కేంద్రం దక్షిణంగా దాటడంతో ఈ ప్రాంతంపై గాలి సముద్రం నుంచి ఒడ్డుకు వీచింది.

అంతకుముందు 1789లోనూ, 1839లోనూ ఉప్పెనలు కోరంగి రేవును ముంచెత్తాయి. నౌకా నిర్మాణానికి పేరొందిన ఆ రేవు మళ్లీ పూర్వ వైభవం చూడలేదు. 2025 అక్టోబరు 28 రాత్రి నర్సాపురం సమీపంలో తీరం దాటిన మొంథా తుపాను సైతం ఈ తీరాన్ని వణికించింది. అయితే రోజుల ముందే హెచ్చరికలు వెలువడటం, వేటను నిలిపివేయడం, తీర గ్రామాల ప్రజలను తరలించడం 1996 నాటికీ నేటికీ మధ్య వచ్చిన మార్పు.

ఈ అనుభవాలు చెప్పేది ఒకటే. గాలి కోసం ఆగడానికి హోప్‌ ఐలాండ్‌ మంచి మజిలీ. తుపానుకు తలదాచుకోవడానికి కాదు. ఇసుక తిన్నె ఎత్తు తక్కువ. ఉప్పెన వస్తే నీరు దానిపై నుంచే పొర్లుతుంది. తుపాను హెచ్చరిక వెలువడగానే పడవను పాయ లోపలికి చేర్చి మడ చెట్లకు కట్టి, మనుషులు మాత్రం ఒడ్డుకు చేరి పునరావాస కేంద్రానికి వెళ్లడమే సరైన పద్ధతి. పడవే ఆస్తి, పడవే ఇల్లు అయినవారికి దానిని విడిచిపెట్టడం అంత తేలిక కాదు. ప్రాణనష్టం తరచూ ఆ సందిగ్ధంలోనే జరుగుతుంది.

మారుతున్న తిన్నె

దీవి సైతం స్థిరంగా లేదు. నదిపై కట్టిన ఆనకట్టలు, జలాశయాల వల్ల సముద్రానికి చేరే ఒండ్రు గణనీయంగా తగ్గింది. ఉప్పాడ వద్ద తీరం కోతకు గురై ఇళ్లు, రహదారి దెబ్బతినడం ఏటా చూస్తున్నదే. ఇసుక రాకలో వచ్చే ప్రతి మార్పు దీవి రూపంపైనా, అఖాతం లోతుపైనా ప్రభావం చూపుతుంది. మేటలు చోటు మారడంతో తండ్రి చూపిన దారిలో కొడుకు పడవ నడపలేని పరిస్థితి కొన్ని మొగల్లో ఏర్పడింది. ఒక్క వరద చాలు, గతేడాది దారి ఈ ఏడాది మూసుకుపోవడానికి.

సంచార కుటుంబాలకు ఖర్చు లేకుండా చేయదగిన సాయం కొంత ఉంది. లంగరు వేసే చోట్లకు సమీపంలోని రేవుల్లో సెల్‌ఫోన్‌ ఛార్జింగ్‌కు వీలు కల్పించి, రోజూ సాయంత్రం వాతావరణ సమాచారాన్ని తెలుగులో మైకు ద్వారా వినిపిస్తే అది పడవ పడవకూ చేరుతుంది. రేషన్‌ సరకులను ఏ ఊరి దుకాణం నుంచైనా తీసుకొనే వెసులుబాటు అమల్లో ఉన్న సంగతి ప్రతి కుటుంబానికీ తెలియజేయాలి. వలస కుటుంబాల పిల్లల కోసం ఉద్దేశించిన తాత్కాలిక వసతి గృహాలను అక్టోబరుకు ముందే తెరిస్తే, పెద్దలు గాలి కోసం ఆగినా పిల్లల చదువు ఆగదు. పడవకు మనిషికొకటి చొప్పున ప్రాణరక్షణ జాకెట్లు ఉండేలా చూడటం, అందులో పిల్లల కొలతవీ ఉండటం తప్పనిసరి.

పడవవారు సైతం కొన్ని జాగ్రత్తలు పాటించాలి. బయలుదేరే ముందు ఏ మొగకు, ఎన్ని రోజుల్లో చేరేదీ ఒడ్డున ఒకరికి చెప్పి వెళ్లాలి. రెండు పడవలకు తగ్గకుండా కలిసి సాగాలి. నీరు, బియ్యం అనుకున్న రోజులకు రెట్టింపు ఉంచుకోవాలి. రేవులో ఒకటో నంబరు కనిపించినా చాప దించాలి.